వంతెన సగం దాకా

కళ్ళజోడు కోసం బయల్దేరిన దాన్ని, నడిరోడ్డు మీద ఐసు కరగడం చూస్తూ నిలబడ్డాను. ఆ ఏడు వేసవి మాకు అలా మొదలైంది.

మా అబ్బాయికి ఐసు బండి ఉంది. తెల్లవారుతూనే మా ఊరి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎక్కించి, వాటి మీద రంపపు పొట్టు పోసి, గోనె పట్టాలు కప్పి, నది మీది వంతెన దాటి అవతలి ఊరి చేపల బజారుకు చేరుస్తాడు. నది నడుమనే రెండు రాష్ట్రాల సరిహద్దు. వంతెన సగం దాకా మాది, తక్కిన సగం వాళ్ళది. కింద పారే నీళ్ళు ఎవరివో ఎవరూ చెప్పలేరు.

కళ్ళద్దాలు అవతలి ఊళ్ళో బాగా చేస్తారని కోడలు అంటే ఆ రోజు నేనూ బండెక్కాను. నాకు పెద్దతనంలో అక్షరాలు నేర్పింది కోడలే. అప్పట్నుంచి కనబడ్డ బోర్డల్లా చదవకపోతే నాకు తోచదు. వంతెన దిగగానే అవతలి వాళ్ళు పాతిన పెద్ద నీలం బోర్డు ఒకటుంది. పైన స్వాగతం, కింద వాళ్ళ రోడ్డు నియమాలు, వరసల మీద వరసలు. నేను 'స్వాగతం' అని కూడబలుక్కునేలోపే మా వాడి బండి దాన్ని దాటేసింది.

"కొంచెం మెల్లగా పోనీరా, చదవనీ."

"ఐసు కరిగిపోతుందమ్మా. బోర్డు ఎక్కడికీ పోదు."

బజారు ఇంకా రెండు మలుపులుందనగా ట్రాఫిక్ పోలీసాయన చెయ్యెత్తాడు. మామూలు తనిఖీయే. మా వాడు నవ్వుతూ లైసెన్సు ఇచ్చాడు. ఆయన చేతిలోని మిషన్‌లో ఏవో నొక్కి, మా వాడి ముఖం చూసి, మళ్ళీ మిషన్ చూశాడు.

"దిగండి. మీ లైసెన్సు మా రాష్ట్రంలో సస్పెన్షన్‌లో ఉంది."

"నాదా? దేనికి?"

"పిల్లలు దిగుతుండగా ఆగిన బడి బస్సును దాటారు. విచారణకు రమ్మని కబురు పంపితే రాలేదు. రాకపోతే సస్పెండే."

"మాకే కబురూ అందలేదండీ."

"ఇల్లు గానీ మారారా?"

మారాం. పాత ఇంటికి వెళ్ళిన కాగితం ఏ గాలికి కొట్టుకుపోయిందో.

"అయినా సార్, బస్సు ఆగితే దాటక, దాని వెనకాల నిలబడి ఏం చేస్తాం?" అన్నాడు మా వాడు.

"మీ వైపు దాటతారేమో. ఇక్కడ దాటకూడదు. పిల్లలు దిగి రోడ్డు దాటేదాకా అటూ ఇటూ అందరూ ఆగాల్సిందే."

మా వాడు ఇంకేదో అనబోయి, అది ఏ వీధిలో జరిగిందని అడిగాడు. ఆయన చెప్పాడు. మా వాడి నోరు టక్కున మూతపడింది. అది నేను చూశాను గానీ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. నాకు వేరే సందేహం పట్టుకుంది.

"అయ్యా, మరి మా వైపు ఈ లైసెన్సు చెల్లుతుందా?"

"ఇప్పటికి చెల్లుతుందమ్మా. ఆపింది మేమే కదా."

"అంటే వంతెన సగం దాకా వీడు డ్రైవరు. సగం దాటాక కాదు."

"అంతే."

"మరి సరిగ్గా సగంలో ఉంటే?"

ఆయన నవ్వాపుకోలేక టోపీ సర్దుకున్నాడు. "అక్కడ ఏమవుతాడో నాకూ తెలియదమ్మా."

మేం మాట్లాడుతుండగానే బండి కింద ధార కట్టింది. ఆ నీళ్ళు రోడ్డు పక్కకు పారుతుంటే ఒక కుక్క వచ్చి తీరిగ్గా తాగి వెళ్ళింది. బజారు నుంచి ఎవరో వచ్చి బండి తోలుకెళ్ళేసరికి దిమ్మలు మూలలు పోయి, అరిగిపోయిన సబ్బుబిళ్ళల్లా అయ్యాయి. చేపల బజారు పెద్దాయన వాటికేసి చూసి పెదవి విరిచాడు.

"ఈ ఒక్క పూటకు సర్దుకుంటాం. ఎండాకాలం బాబూ ఇది. ఐసు ఆలస్యమైతే మా చేపలు మాకే వాసన కొడతాయి. మళ్ళీ ఇలాగైతే వేరే బండి చూసుకుంటాం, ఏమీ అనుకోవద్దు."

ఆ బజారు పోతే మాకు ఇంకో బేరం లేదు.

ఇంటికొచ్చాక మా వాడు కంచం పక్కకు జరిపి ఫోను తీశాడు. జీతానికి డ్రైవరు దొరుకుతాడేమోనని ఊరంతా ఫోన్లు చేశాడు. అందరూ వేసవి బేరాలకు కుదిరిపోయారు. అప్పుడు కోడలు అంది, "మా అమ్మ ఖాళీగానే ఉందిగా."

మా వియ్యపురాలు అవతలి ఊళ్ళో ఉంటుంది. బడి బస్సు తోలుతుంది. బడులకు సెలవులిచ్చేశారు.

"మీ అమ్మా?" అన్నాడు మా వాడు.

"ఏం? అంత పెద్ద బస్సు తోలే మనిషి ఐసు బండి తోలలేదా?"

"తోలుతుంది. అదికాదు..." అని నీళ్ళు నమిలాడు.

"ఏది కాదు?"

"అంత ఇరుకు సీట్లో అత్తగారి పక్కన రోజూ ఎలా కూర్చోను? ఏం మాట్లాడను?"

"మిమ్మల్ని మాట్లాడమన్నదెవరు? దిమ్మలు దించమన్నారు. మధ్యలో అత్తయ్య కూర్చుంటారు."

అలా ఈ వయసులో నాకు ఉద్యోగం దొరికింది.

మర్నాడు వంతెన మధ్యలో, పాడైన బండ్లు ఆపుకోవడానికి పక్కకు వెడల్పు చేసిన చోట, ఆవిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి. ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో దిండు. దిండు వేసుకుంటే గానీ ఆవిడకు రోడ్డు కనబడదని బడిపిల్లలు నవ్వుకుంటారట. ఆ ఊళ్ళో అందరూ ఆవిణ్ణి బస్సమ్మ అంటారు.

మా వాడు సరిహద్దుకు ఇవతలే బండి ఆపాడు.

"బాగున్నారా అత్తయ్యగారూ?"

"బాగున్నానండీ అల్లుడు గారూ. మీరు?"

"బాగున్నాను."

ఆ వేసవిలో వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మాటల్లో సగం ఇవే. మా వాడు బండి ముందు నుంచి తిరిగి ఇటు వస్తే, ఆవిడ వెనక నుంచి తిరిగి అటు ఎక్కింది. అలా చేద్దామని ఎవరూ అనుకోలేదు, కుదిరిపోయింది. రోజూ ఇద్దరూ బండికి ప్రదక్షిణం చేసేవాళ్ళు, గుళ్ళో విగ్రహంలా నడుమ నేను.

ఆవిడ దిండు సర్దుకుంది. అద్దం సర్దుకుంది. మళ్ళీ అద్దం సర్దుకుంది.

"అమ్మా, ఐసు," అన్నాడు మా వాడు కిటికీలోంచి నదికేసి చూస్తూ.

"వదినగారూ, అది అద్దం తిప్పేంత సేపట్లో కరగదని చెప్పండి," అంది ఆవిడ అద్దంకేసి చూస్తూ.

నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. రెండు వైపుల మాటలూ నా ముక్కు ముందు నుంచే పోతున్నాయి.

బస్సమ్మ మెల్లగా తోలేది. భయపడి కాదు, ఆవిడ తోలడమే అంత. మూల తిరిగే ముందు అటు చూసి, ఇటు చూసి, ఇంకోసారి అటు చూసేది. మా వాడు లేని బ్రేకును కాలితో తొక్కుతూ, లేని గేరును చేత్తో లాగుతూ కూర్చునేవాడు. నాకు మాత్రం ఆ నెమ్మది కలిసొచ్చింది. మొదటి రోజు నీలం బోర్డు మీద రెండు వరసలు చదివాను. చదివినవి మళ్ళీ చదవక్కర్లేదు గనుక, రోజుకో కొత్త వరస అందుకునేదాన్ని. బండి నడుపుతూ ఫోను మాట్లాడకూడదు. ఆస్పత్రి దగ్గర హారన్ కొట్టకూడదు. వాన పడితే దీపాలు వేసుకోవాలి.

"మన ఆస్పత్రి దగ్గర హారన్ కొట్టొచ్చుగా?" అని అడిగాను మా వాణ్ణి.

"మనవైపు ఎక్కడైనా కొట్టొచ్చు."

"రోడ్డు ఒకటే, తారు ఒకటే. ఇవతలి రోగులకు చెవులు లేవా?"

బస్సమ్మ ఫక్కున నవ్వింది. మా వాడు కిటికీ వైపు తిరిగాడు గానీ అద్దంలో వాడి బుగ్గ కదలడం నాకు కనబడింది.

ఇంకో సంగతి గమనించాను. బజారుకు వెళ్ళే దారిలో మూసి ఉన్న బడికి ఎదురుగా ఒక వీధి దీపం స్తంభం ఉంది. అక్కడికి రాగానే ఆవిడ బండి ఆపేది. ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. ఒక క్షణం ఆగి, అద్దంలో చూసుకుని, కదిలేది.

"ఎందుకాపారు వదినా?" అన్నాను.

"అలవాటు."

ఆ మాటకు మా వాడు కిటికీ అద్దం గబగబా పైకి ఎక్కించేశాడు.

లైసెన్సు సంగతి ఊరికే వదల్లేదు. మా వైపు ఆఫీసుకు వెళ్తే కిటికీ వెనకాల ఉన్నాయన అన్నాడు, "మేం వేసింది కాదు, మేం తీయలేం. అక్కడ తీయించుకు రండి. బడులు తెరిచే నెలలో మీ లైసెన్సు రెన్యువల్‌కు వస్తుంది. అప్పటికీ ఇలాగే ఉంటే మేమూ ఆపేస్తాం."

"ఆపితే?" అన్నాను.

"ఇక ఏ వైపూ బండి తోలడానికి లేదు."

అవతలి ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ ఆవిడ మంచిది, కూర్చోబెట్టి చెప్పింది. విచారణకు రాలేదని సస్పెండు చేశారు కాబట్టి, మళ్ళీ విచారణ పెట్టమని అడగొచ్చు. పెడతారు. ఆ రోజు సాక్షి వచ్చి చెప్పేదాన్ని బట్టి తీర్పు. సాక్షి రాకపోతే కేసు కొట్టేసి, అక్కడికక్కడే సస్పెన్షన్ తీసేస్తారు.

"సాక్షి ఎవరండీ?" అన్నాను.

"ఫిర్యాదు చేసింది బస్సు డ్రైవరేనమ్మా."

బయట బల్ల మీద కూర్చున్నాక మా వాడు చాలాసేపు తన చెప్పులకేసి చూశాడు. తర్వాత అన్నాడు, "ఆ బస్సు ఎవరిదో తెలుసా? మీ వదినగారిది."

నేను నోరు వెళ్ళబెట్టాను.

"పోలీసాయన వీధి పేరు చెప్పగానే నాకు తెలిసిపోయింది. బజారు నుంచి వస్తున్నాను. ఎదురుగా ఆ స్తంభం దగ్గర బస్సు ఆగి ఉంది. పైన అత్తగారు. చూసీ చూడనట్టు పోతే ఏం బాగుంటుంది? హారన్ కొట్టి, చెయ్యి ఊపి, నవ్వి మరీ వచ్చాను. ఆవిడ చెయ్యి ఊపలేదు. కేసు పెట్టింది!"

"నీకు తెలిసీ రోజూ ఆవిడ పక్కన కూర్చుంటున్నావా?"

"నేను కూర్చోవడం సరేనమ్మా. కేసు పెట్టి, రోజూ వచ్చి బండి తోలుతోందే, ఆవిడేం మనిషి?"

అదే నాకూ అంతుపట్టలేదు. అల్లుడి మీద కోపం ఉన్న మనిషైతే తెల్లవారకముందే లేచి, దిండు పట్టుకుని, వంతెన మధ్యకు నడిచిరాదు. కోపం లేని మనిషైతే మర్యాదకు చెయ్యి ఊపినవాడి మీద ఫిర్యాదు చేయదు. ఆ రెంటి నడుమా ఏదో ఉంది. నాకు నిద్ర పట్టినా పట్టకపోయినా అదే ఆలోచన.

మా వాడు దిమ్మలు దించుతున్నంతసేపూ నేనూ ఆవిడా బండిలోనే కూర్చునేవాళ్ళం. కొత్త కళ్ళజోడు వచ్చిన రోజున నీలం బోర్డు మీద చిట్టచివరి వరస కూడా చదివేశాను. పక్కకు 'ఆగు' అని రాసిన ఎర్ర రేకు చాచి ఆగిన బడి బస్సును ఎటు నుంచీ దాటకూడదు. బజారు చేరగానే, మా వాడు దిగీ దిగగానే, ఉండబట్టలేక అడిగాను.

"వదినా, ఒక మాట. ఏమీ అనుకోకండి."

"అడగండి. బోర్డులన్నీ అయిపోయాయి, ఇక నా దగ్గరికే వస్తారనుకున్నాను."

"ఆ రోజు మా వాణ్ణి మీరు గుర్తుపట్టలేదా?"

"పట్టాను. నవ్వుతూ చెయ్యి ఊపారు. పాపం, మర్యాద కోసమే."

"మరి?"

ఆవిడ తువ్వాలు తీసి స్టీరింగు తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

"ఒక పాప దిగింది వదినా. చిన్నది. బస్సు ముందు నుంచి రోడ్డు దాటుతోంది. చెప్పు పట్టీ ఊడింది. చెప్పు కాలి నుంచి జారి అవతల పడితే, వంగి అందుకోబోతోంది. అల్లుడు గారికి పాప కనబడలేదు. ఆయన కింద చూడటం లేదు, పైకి నాకేసి చూస్తున్నారు. నేను అరిచాను. హారన్‌లో నా అరుపు కలిసిపోయింది." తువ్వాలు మడతపెట్టింది. "బండి వెళ్ళాక చూస్తే పాప నిలబడే ఉంది. చెప్పు లేదు. మీ బండి చక్రానికి పట్టుకుని వీధి చివర దాకా పోయింది."

వెనకాల మా వాడు దిమ్మకు కొక్కెం వేసి లాగుతున్న చప్పుడు వినబడుతోంది.

"వాడికి తెలుసా?"

"తెలియదు. బస్సును దాటారని మాత్రమే ఫిర్యాదు చేశాను. పాప సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికి కూడా."

"ఎందుకని?"

"చెబితే ఆయన మళ్ళీ బండి ముట్టుకోగలరా, మీరే చెప్పండి. అలాగని అల్లుడు కదా అని ఊరుకుంటే, రేపు మళ్ళీ చెయ్యి ఊపుతారు."

"మరి విచారణకు వస్తారా?"

"వెళ్తే అడుగుతారు, పిల్లలెవరైనా రోడ్డు మీద ఉన్నారా అని. అబద్ధం నా వల్ల కాదు. వెళ్ళకపోతే అన్నీ సర్దుకుంటాయి." మడిచిన తువ్వాలు మళ్ళీ విప్పింది. "వెళ్ళాలో వద్దో, అదే నాకూ తెలియడం లేదు వదినా."

మా వాడు చేతులు దులుపుకుంటూ వచ్చి ఎక్కాడు. "ఏమిటి, ఇద్దరూ ముఖాలు అలా పెట్టారు?" అన్నాడు.

"ఉక్క," అన్నాను.

వాడికి చెప్పాలని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. కానీ అది నేను చూసింది కాదు. చూసిన మనిషి నోటి నుంచే వాడు వినాలి, లేదా అసలు వినకూడదు. నేను మధ్యలో కూర్చున్నాను గానీ మధ్యవర్తిని కాను.

సాక్షి తన తల్లేనని కోడలికి తెలిశాక ఇల్లు వేడెక్కింది. ఫోను చెవికి ఆనించుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది. అవతలి గొంతు కూడా నాకు వినబడుతూనే ఉంది.

"అమ్మా, ఆ రోజు నువ్వు ఇంట్లో కూర్చో. అంతే. నిన్నింకేమీ అడగను."

"నేను ఏం చూశానో నీకు తెలుసా?"

"ఏం చూస్తే ఏం? అల్లుడి కంటే బస్సు ఎక్కువా నీకు?"

"రోజూ ఐసు తోలుతున్నది ఎవరి కోసమే?"

"అదే నాకూ అర్థం కాదు. ఒక చేత్తో తోలుతావు, ఇంకో చేత్తో తోస్తావు."

"రెండు చేతులూ నావేనే," అని ఫోను పెట్టేసింది బస్సమ్మ.

కోడలు ఏడుస్తూ లోపలికొస్తే, మా వాడు చిత్రంగా నెమ్మదిగా ఉన్నాడు. "రానీలే. వచ్చి ఏం చెబుతుందో నాకూ వినాలనే ఉంది."

విచారణ రోజున కూడా ఐసు ఆగలేదు. బజారులో దించేసి అక్కడి నుంచే ఆఫీసుకు వెళ్ళాం. కేసు పెట్టిన మనిషే కేసు ఉన్నవాణ్ణి బండిలో తీసుకెళ్ళింది. గేటు ముందు మమ్మల్ని దింపి, "మీరు పదండి. బండి నీడలో పెట్టి వస్తాను," అంది.

లోపల పొడుగు బల్ల వెనక అధికారి కూర్చుని ఉన్నాడు. జలుబు చేసినట్టుంది, చేతిరుమాలు వదలడం లేదు. మా వాడి వివరాలు చూసుకుని, సాక్షిని పిలవమన్నాడు. పిలిచారు. ఎవరూ రాలేదు. ఇంకోసారి పిలిచారు. నేను తలుపుకేసే చూస్తున్నాను. బండి నీడలో పెట్టడానికి ఇంతసేపు పడుతుందా? రాకపోతే బాగుండునని ఒకసారి, వస్తే బాగుండునని ఒకసారి అనిపించింది. మనసు అంత తొందరగా అటూ ఇటూ మారుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"రాకపోతే కొట్టేస్తాను మరి," అన్నాడు అధికారి కలం తీస్తూ.

"ఒక్క నిమిషం చూద్దాం సార్," అన్నాడు మా వాడు.

ఆయన కలం ఆపి మా వాణ్ణి వింతగా చూశాడు.

బస్సమ్మ వచ్చింది. చీర మీద బస్సు డ్రైవర్ల చొక్కా వేసుకుంది, గుండీలు మెడ దాకా పెట్టుకుంది. ఎవరికేసీ చూడకుండా వచ్చి బల్ల ముందు నిలబడింది. అడిగిందానికల్లా చెప్పింది. బస్సు ఆగిందా, ఆగింది. ఎర్ర రేకు చాచారా, చాచాను. ఈయనే దాటారా, ఈయనే.

"రోడ్డు మీద పిల్లలెవరైనా ఉన్నారా?"

ఆవిడ చొక్కా పై గుండీ ఒకసారి తడుముకుంది.

"ఒక పాప ఉందండీ," అంది.

చెప్పు సంగతి చెప్పింది. నాతో చెప్పినట్టే చెప్పింది, ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. మా వాడు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"పాప ఎటువైపు ఉంది?"

ఆవిడ నా చేతిలోంచి కళ్ళజోడు డబ్బా తీసుకుని బల్ల మీద పెట్టింది. అది బస్సు. అధికారి కలం మూత తీసి దాని ముందు నిలబెట్టింది. అది పాప. మా వాడు తాను వచ్చిన దారిలో బల్ల మీద వేలు నడిపించుకుంటూ వచ్చాడు. డబ్బా దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా తల పైకెత్తి ఆవిడ ముఖం చూశాడు. తర్వాత కిందికి చూశాడు. వేలు కలం మూతను తాకుతోంది.

వాడు వేలు తీయలేదు.

అలాగే అధికారి వైపు తిరిగి, "దాటాను సార్. రాసుకోండి," అన్నాడు.

అధికారి మా వాణ్ణీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరికీ ఇదివరకు పరిచయం ఉందా?" అన్నాడు.

"మా అత్తగారండీ."

ఆయనకు పెద్ద తుమ్ము వచ్చింది. తుమ్మో, ఇంకేమైనానో. రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. తీశాక తీర్పు చెప్పాడు. బడులు తెరిచాక మా వాడు కొన్నాళ్ళు అదే బడి బస్సులో ఉండి, పిల్లల్ని దింపి రోడ్డు దాటించాలి. పనికొస్తాడని ఆ బస్సు డ్రైవరు చెబితే అప్పుడు సస్పెన్షన్ తీసేస్తారు. రెన్యువల్‌కు సరిగ్గా అందుతుంది. చెప్పకపోతే అందదు.

ఇంటికి బయల్దేరాం. వంతెన మధ్యకు వచ్చాం. ఆవిడ పక్కకు ఆపి, దిండు తీసి చంకలో పెట్టుకుని దిగబోయింది. మా వాడు కదల్లేదు.

"మన సగం వచ్చిందిరా," అన్నాను.

"ఈ సగం కూడా మీరే తోలండి అత్తయ్యగారూ," అన్నాడు వాడు. నా ముఖం ముందు నుంచి కాదు. నన్ను దాటి నేరుగా ఆవిడకే చెప్పాడు.

ఆవిడ దిండు మళ్ళీ వేసుకుంది. ఆ రోజు బస్సమ్మ మా గుమ్మం దాకా తోలింది. తల్లిని చూసి కోడలు తలుపు దగ్గరే నిలబడిపోయింది. మా వాడు దాన్ని లోపలికి తీసుకెళ్ళి ఏం చెప్పాడో నేను వినలేదు. కోడలు బయటికి వచ్చి తల్లి చేతిలోంచి నీళ్ళ సీసా అందుకుని, నింపి తెచ్చి, "ఈ పూట ఇక్కడే ఉండు," అంది.

ఆ పూట ఆ పూటతో అవలేదు. ఆవిడ మా ఇంట్లోనే ఉండిపోయింది. మా వాడు స్టీరింగు ముట్టుకోవడం లేదు మరి. దిమ్మలు ఎక్కించేవాడు, దించేవాడు, బండి కడిగేవాడు. కడిగేటప్పుడు చక్రాల దగ్గర ఎక్కువసేపు కూర్చునేవాడు. ఎక్కమంటే మాత్రం ఇటువైపే ఎక్కేవాడు.

సెలవులు అయిపోవస్తుండగా ఒక పొద్దున బస్సమ్మ వెళ్ళి వాడి సీట్లో కూర్చుంది. దిండు ఒళ్ళో పెట్టుకుంది.

"చెయ్యి లాగుతోంది. నా సగం వచ్చేదాకా నేను తోలను."

"అమ్మా, అత్తయ్యగారికి చెప్పు..." అని మొదలుపెట్టాడు.

"నాకేం చెప్పకు," అన్నాను. "నేను బోర్డులు చదవడానికి వస్తున్నాను, కబుర్లు మోయడానికి కాదు."

బండి వెనక పట్టాల కింద ఐసు కరుగుతూనే ఉంది. చుక్క చుక్కగా నేల తడుస్తోంది. వాడు ఆ తడి చూశాడు. బండి ముందు నుంచి తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దం సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు.

"వదినగారూ," అంది బస్సమ్మ నదికేసి చూస్తూ, "ఐసు కరిగిపోతోందని చెప్పండి."

వాడు నవ్వాడు. చాలా రోజుల తర్వాత వాడి నవ్వు విన్నాను.

బడులు తెరిచిన రోజున ఐసు బండి ఇంకాస్త ముందే బయల్దేరింది. బజారులో దించేసి, ఆవిడా మా వాడూ బడి బస్సు ఎక్కారు. నాకు ఇంట్లో తోచక వాళ్ళతోనే ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. పిల్లలు నన్ను చూసి, "బస్సమ్మా, ఈ కొత్తావిడ ఎన్నో తరగతి?" అని అడిగారు. "మీ కంటే ముందున్న తరగతే, బోర్డులన్నీ చదివేస్తుంది," అందావిడ. మా వాడికి అప్పటికే ఐసు మామయ్య అని పేరు పెట్టేశారు.

పిల్లల్ని దింపడానికి బడికి ఎదురుగా ఉన్న ఆ స్తంభం దగ్గరికి వచ్చాం. బస్సు ఆగింది. పక్కన ఎర్ర రేకు చాచుకుంది. మా వాడు ముందు దిగి రోడ్డు నడుమ నిలబడ్డాడు. ఒక్కొక్కరే దిగుతున్నారు. చివర ఒక చిన్న పాప మెట్టు మీద నిలబడి, కాళ్ళకేసి చూసుకుంటూ జాగ్రత్తగా దిగింది. బస్సమ్మ అద్దంలోంచి నాకేసి చూసింది. ఆ పాపేనని నాకు తెలిసింది.

అప్పుడే ఎదురుగా చేపల బజారు వ్యాను వస్తోంది. వేసవి అంతా మా ఐసు దించుకున్న డ్రైవరే. పైన బస్సమ్మను చూశాడు, ముఖం చేటంత చేసుకుని హారన్ కొట్టాడు, చెయ్యి ఊపాడు. బండి మాత్రం ఆపలేదు.

మా వాడు దానికి అడ్డంగా రెండడుగులు వేసి చేతులు రెండూ చాచాడు. వ్యాను కీచుమని ఆగింది.

"ఏంటి బావా, నేనే!" అన్నాడు డ్రైవరు తల బయటపెట్టి.

"నువ్వేనని కనబడుతోంది. నాకేసి కాదు, కింద చూడు."

పాప సగం రోడ్డులో ఆగింది. చెప్పు పట్టీ వదులైనట్టుంది. వ్యానుకేసి చూసింది, మా వాడికేసి చూసింది. ఆ తర్వాత నింపాదిగా అక్కడే కూర్చుని, పట్టీ విప్పి, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోసాగింది. వెనకాల ఇంకో బండి వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. బస్సమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుంది.

మా వాడు చేతులు దించలేదు.